సమస్యాపూరణం: చాయ యింటిలోన చాయ లేదు

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

చాయ యింటిలోన చాయ లేదు

జపాన్‌లోని కనజావా ఊరు వెళ్లొచ్చాక తట్టింది. అక్కడి హిగాషి చాయ వీధి 1820 నాటిది. ఊళ్లో చెల్లాచెదురుగా ఉన్న చాయ ఇళ్లను కగా సంస్థానం వాళ్లు అసనో నది దగ్గర ఒక్కచోటికి చేర్చారు. జపనీస్‌లో 'చా' అంటే టీ. కానీ ఇవి టీ తాగే చోట్లు కావు. గేయిగిలు (గీషాలను అక్కడ అలా అంటారు) షమిసెన్ (మూడు తీగల వాయిద్యం) వాయించి, పాడి, ఆడి అతిథులను అలరించే ఇళ్లు. తెలిసినవాళ్లు వెంటబెట్టుకుని వెళ్తే తప్ప కొత్తవాళ్లను గడప తొక్కనివ్వరు. 1820లోనే కట్టిన షిమా ఇల్లు ఇప్పుడు మ్యూజియం కాబట్టి టికెట్ కొనుక్కుని మేడ ఎక్కగలిగాను.

తెలుగులో చాయకు నీడ, రంగు అనే అర్థాలూ ఉన్నాయి, మరవకండి. పై మూడు పాదాలు మీరు పూరించండి.

గోదారిగట్టు:

చాయ పేరు గల్గు చక్కని యిళ్ళలో
పాట లాట విందు పానములును
తిరిగి తిరిగి యడుగ దెలిసెను నాకిట్లు
చాయ యింటిలోన చాయ లేదు

పద్యాల మాష్టారు: గణాలు, యతులు నిక్షేపంగా ఉన్నాయి. మూడో పాదం మాత్రం ఖాళీ బస్సు. 'తెలిసెను నాకిట్లు' అనడానికి పాదమంతా ఖర్చు చేశారు. అన్నట్టు జపనీస్‌లో 'యా' అన్నా ఇల్లేనట కదా, మరి 'చాయ యిల్లు' ఏమిటి? నడిసెంటర్ లాగా!

సమస్య ఇచ్చినవాడు: ఒప్పుకున్నాను మాష్టారూ. ఇల్లు తీసేస్తే గణం కూలిపోతుంది.

ఇరానీచాయ్: మొదటిసారి రాస్తున్నా, తిట్టకండి.

అల్లమేసినట్టి ఆవిరి చాయ్ కోరి
పచ్చ పొడిని చూసి బెదిరిపోతి
పాలు లేవు చూడు పంచదారా లేదు
చాయ యింటిలోన చాయ లేదు

పద్యాల మాష్టారు: తిట్టను నాయనా, నవ్వాను. రెండో పాదంలో యతి తప్పింది. ప-బ ఒకే వర్గం, హల్లు సరే. కానీ 'ప'లో అకారం, 'బె'లో ఎకారం, అచ్చు కలవలేదు. 'పచ్చ పొడిని చూసి భయము పడితి' అంటే సరిపోతుంది. 'పంచదారా లేదు' అన్న దీర్ఘంలో నీ బాధంతా వినిపించింది, దాన్ని ముట్టుకోను.

గోదారిగట్టు: పచ్చ పొడి మచ్చా (పొడి చేసిన గ్రీన్ టీ) కదా. కనజావా వాళ్లకు ఇంకోటుంది తమ్ముడూ, కగా బోచా అని, టీ కాడలను వేయించి కాస్తారు. గోధుమరంగులో, మన డికాక్షన్‌కి కాస్త చుట్టం. అది తాగి ఉంటే పద్యం పుట్టేది కాదేమో.

వాకిలిముగ్గు: నాది నీడ అర్థంలో.

సన్న జాలకముల సందున జూచితి
వీధి నుండి లోన వింత యేమొ
మనిషి నీడ యైన మచ్చుకు గనరాదు
చాయ యింటిలోన చాయ లేదు

సమస్య ఇచ్చినవాడు: అక్కా, ఆ జాలకాన్ని మీరు భలే పట్టుకున్నారు. దాన్ని కిముసుకో అంటారు. ఒక్కో పుల్లా చదరంగా ఉండదు. వీధి వైపు వెడల్పుగా, గది వైపు సన్నగా చెక్కుతారు. అందుకే లోపల కూర్చున్నవాళ్లకు వీధంతా కనిపిస్తుంది, వీధిలో నిలబడ్డ మనకు చెక్క తప్ప ఏమీ కనిపించదు. నేను ముక్కు ఆనించినంత పని చేశాను. చేతిలో బంగారు రేకు అతికించిన ఐస్‌క్రీమ్. జపాన్‌లో తయారయ్యే బంగారు రేకు దాదాపు అంతా ఈ ఊరిదే. మిల్లీమీటరులో పదివేలో వంతు మందం, ఊపిరి తగిలితేనే వణికింది. సగం నాలిక మీదికి, సగం మీసానికి.

పద్యాల మాష్టారు: ముగ్గమ్మా, ఊహ బాగుంది. కానీ మూడో పాదంలో నీడ లేదన్నావు, నాలుగులో చాయ లేదన్నావు. రెండూ ఒకటే, పునరుక్తి. సమస్య విడిపోయే ముందే ముడి విప్పేశావు. మూడో పాదంలో ఏదో ఒకటి ఉండాలి, అప్పుడు 'లేదు' అన్నమాట నిలబడుతుంది.

వాకిలిముగ్గు: నిజమే బాబాయ్. మార్చాను:

సన్న జాలకముల సందున జూచితి
వీధి నుండి లోన వింత యేమొ
నవ్వు వినగ వచ్చె నడచిన సవ్వడి
చాయ యింటిలోన చాయ లేదు

పద్యాల మాష్టారు: ఇదీ పూరణ.

ఇరానీచాయ్: అన్నా, మీసం మీది బంగారం ఎవరూ వాడుకోలేదు. 'రంగు' అర్థం నాకు వదిలేయండి, రాత్రికి రాస్తా. ఈసారి యతి చూసుకుని.