ప్రైమరీలో ఎవరికి వేయాలో మీరెలా తేల్చుకుంటారు?

మేము డాలస్ దగ్గర ఉంటాం. సిటిజన్‌షిప్ వచ్చాక నా మొదటి ఓటు 2020 డెమొక్రటిక్ ప్రైమరీలో, అంటే అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో వేశాను. అప్పుడు చేసిన పనికి ఇప్పటికీ మనసులో పీకుతూనే ఉంది.

అన్నిటికంటే ముందు ఓటేసిన రాష్ట్రాల్లో, అయోవాలో బైడెన్‌ది నాలుగో స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో ఐదోది. రాత్రి గిన్నెలు తోముతుంటే టీవీలో నలుగురు కూర్చుని, ఇక ఆయన పని అయిపోయినట్టే అని ఒకటే విశ్లేషణ. విని విని నిజమే కాబోలనుకున్నా. ఆయనకే వేద్దామనుకున్నదాన్ని, ఎర్లీ ఓటింగ్‌లో (పోలింగ్ రోజుకి ముందే వేసేయడం) మరో అభ్యర్థి పీట్ బుటజెజ్‌కి వేసి వచ్చా. ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో బైడెన్ గెలిచారు, మర్నాడే బుటజెజ్ తప్పుకున్నారు! మార్చి 3న, చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే సూపర్ ట్యూజ్‌డే నాడు, 14 రాష్ట్రాల్లో 10 బైడెన్‌వే, మా టెక్సస్‌తో సహా. నా ఓటేమో బరిలో లేని మనిషికి. మావారు ఇంకా ఏడిపిస్తుంటారు.

నవంబర్‌లో జరిగే అసలు ఎన్నికలో ఈ తంటా లేదు, పార్టీ చూసి వేసేస్తాం. ప్రైమరీలో అందరూ ఒకే పార్టీ, మాటలూ ఇంచుమించు ఒకటే. దాంతో ఎవరు బాగున్నారన్నది పోయి ఎవరు గెలుస్తారన్నదే మిగులుతుంది. ఆ జోస్యం చెప్పేది టీవీ వాళ్లే.

ఇక్కడ ప్రైమరీల్లో ఓటేసే తెలుగువాళ్లు చెప్పండి: ఆ చర్చలు పూర్తిగా మానేశారా? డిబేట్లు మాత్రమే చూస్తే సరిపోతుందా? ఎర్లీ ఓటింగ్‌కి వెళ్తారా, లేక చివరి రోజుదాకా ఆగుతారా? పనిరోజు క్యూలో నిలబడాలంటే నాకు టెన్షన్, అయినా ఈసారి ఆగడమే మేలంటారా?