ఫిన్లాండ్ పేర్లకు అర్థం వెతకడం ఎలా: హెయిక్కి, ఐనొ, తూలి

ప్రశ్న: హెయిక్కి, తపని, మర్య, ఐనొ, తూలి... ఈ ఫిన్నిష్ పేర్లకు అసలు అర్థాలేమిటండీ? పిల్లల పేర్ల జాబితాలు ఒక్కోటి ఒక్కో మాట చెబుతున్నాయి. మర్య అంటే ఒకచోట 'బెర్రీ పండు' అని, ఇంకోచోట 'మరియ' అని ఉంది. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే, కానీ ఒకే రకంగా కాదు. మర్య అన్న మాటకు ఫిన్నిష్‌లో బెర్రీ అనే అర్థం. పేరుగా మాత్రం అది ప్రధానంగా మరియకు రూపాంతరం. కాబట్టి ముందు పేరు ఏ దారిన వచ్చిందో చూడాలి, నిఘంటువు ఆ తర్వాత.

పాత పేర్లలో ఎక్కువ భాగం చర్చి ద్వారా వచ్చిన సన్యాసుల, పునీతుల పేర్లే. పాత ఫిన్నిష్‌లో మాట మొదట సంయుక్తాక్షరం నిలవదు. బ, డ, గ, ఫ ధ్వనులూ లేవు. అందుకే స్తెఫాన్ తపని అయ్యాడు, క్రిస్తొఫర్ రిస్తొ అయ్యాడు, గెర్‌ట్రూడ్ కెర్త్తు అయింది, బిర్గిత్త పిర్క్కొ అయింది, ఫిలిప్ విల్ప్పు అయ్యాడు. మన స్థానం తానమై, ద్రోణి దోనె అయిన పద్ధతే ఇది. హెన్రిక్ నుంచి హెయిక్కి, మార్గరేత నుంచి రేత్త. వీటిని ఫిన్నిష్ నిఘంటువులో వెతికితే ఏమీ దొరకదు. అర్థం కావాలంటే హీబ్రూ, గ్రీకు, జర్మన్ మూలాలకు వెళ్లాలి.

పోల్చుకోవడానికి ఒక చిట్కా ఉంది. ఫిన్లాండ్ క్యాలెండర్లో దాదాపు ప్రతి తేదీకీ పేర్లుంటాయి, దాన్ని నామదినం అంటారు. ఆ తేదీ పాత పునీతుడి పండుగతో కలిస్తే మూలం దాదాపు తేలిపోయినట్టే. జనవరి 19 హెయిక్కి: బిషప్ హెన్రిక్ పండుగ. మార్చి 17 కెర్త్తు: గెర్‌ట్రూడ్ పండుగ. డిసెంబర్ 26 తపని: స్తెఫాన్ పండుగ. జూన్ 24 బాప్తిస్మమిచ్చు యోహాను రోజు, కనుక యుహని, యుహ, యుక్క, యుస్సి అందరూ అక్కడే. అయితే క్యాలెండర్లో తేదీ ఉన్నంత మాత్రాన చర్చి పేరు అనుకోకూడదు. ఐనొకు మే 10 ఉంది గానీ ఆ పేరుతో పునీతురాలెవరూ లేరు.

మరొక జవాబు: ఐనొ కథ వేరు. ఆమె ఫిన్లాండ్ జాతీయ కావ్యం కలేవలలోని అమ్మాయి. ఎలియాస్ లొన్‌రొత్ సేకరించిన జానపద గీతాల్లో ఆ అమ్మాయి పేరు 'అన్ని'. 'ఐనొ' అక్కడ విశేషణం మాత్రమే, 'ఒక్కగానొక్క' అని. 1849 నాటి కలేవల కూర్పులో ఆయన ఆ విశేషణాన్నే పేరుగా మార్చాడు. ఆపైనే ఫిన్లాండ్ ఇళ్లలో ఐనొలు పుట్టారు. జానపదం నుంచి వచ్చిన 'ప్రాచీన' పేరని జాబితాల్లో రాసేది అందుకే సగం నిజం. అదే కావ్యం నుంచి వ్యాయ్‌నొ (నిదానంగా పారే వెడల్పాటి నది అనే 'వ్యాయ్‌న'తో ముడిపెడతారు), ఇల్మరి ('ఇల్మ' అంటే గాలి, ఆకాశం), అడవి దేవుడు తపియొ వచ్చాయి. తపియొకు, తపనికి సంబంధం లేదు, జాగ్రత్త.

మూడో రకం సులువు: మామూలు మాటే పేరు. తొయ్వొ ఆశ, ఒన్ని అదృష్టం, రౌహ శాంతి, తూలి గాలి, లుమి మంచు, మెరి సముద్రం, కియెలొ వాళ్ల జాతీయ పుష్పం. వీటిలో ఒక తమాషా ఉంది. 'సముద్రపు' అనాలంటే మెరెన్, 'మెరి అనే ఆమె యొక్క' అనాలంటే మెరిన్. తూలి కూడా అంతే: గాలికి తూలెన్, మనిషికి తూలిన్. మన నీరు 'నీటి' అయినట్టు పాత మాటలకు ఉండే అచ్చుమార్పు పేరుకు వర్తించదు. చర్చి పేర్లలో మాత్రం ద్విత్వం సడలుతుంది: హెయిక్కి, హెయికిన్; మత్తి, మతిన్.

ప్రశ్న: తెలుగులో రాసేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: ఇంగ్లిష్ మీదుగా రాకపోతే చాలు, మన లిపి బాగా సరిపోతుంది. వాళ్ల లిపిలో జె కనిపించిన చోట య రాయాలి, జుహాని కాదు యుహని. త దంత్యమే కనుక మాట్టీ కాదు, మత్తి. హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు వదిలితే అర్థమే మారిపోతుంది: తులి నిప్పు, తూలి గాలి, తుల్లి కస్టమ్స్ సుంకం. పదాంతంలో ఎ, ఒ హ్రస్వాలే, హిందీ లిపికి లేని ఈ వెసులుబాటు మనకుంది. ఈ పేర్లలో ఇబ్బంది పెట్టేవి రెండు అచ్చులు. 'వ్యాయ్‌నొ'లో మొదటిది మన బ్యాంకులోని అచ్చులాంటిదే. చివరిది పెదాలు గుండ్రంగా చుట్టి పలికే ఎ, దానికి మనకు అక్షరం లేదు. ఒ రాసి సరిపెట్టుకోవాల్సిందే.

చివరి అచ్చు చూసి ఆడో మగో తేల్చకండి. యుహ, పెక్క, మిక, ఎస మగవాళ్లు. ఐనొ, పిర్క్కొ, కెర్త్తు ఆడవాళ్లు. సర్వనామం కూడా దారి చూపదు, ఇద్దరికీ 'హ్యాన్' ఒకటే. '-క్కి' ప్రత్యయం కొంత సాయం: తూలిక్కి, అన్నిక్కి, మియెలిక్కి స్త్రీలు. కానీ హెయిక్కిలో ఉన్నది ఆ ప్రత్యయం కాదు, హెన్రిక్ తోకకు చేరిన 'ఇ'. బ్యాంకును వాళ్లు పంక్కి అనేదీ అలాగే, మనం ఉకారం తగిలించినట్టు.