తిరువాన్మియూర్‌లో ఇటుక గోడకు చెమ్మ: ఎక్రిలిక్ వెయ్యాలా, సిలేన్ కొట్టాలా?

తూర్పుగోడ
చెన్నై తిరువాన్మియూర్, సముద్రానికి దగ్గర. తూర్పు వైపు ప్లాస్టరింగ్ లేని ఇటుక గోడ, 9 అంగుళాలు, దాదాపు 650 చదరపు అడుగులు. నవంబరు వానలకు లోపల పుట్టీ ఉబ్బి పెచ్చులు రాలుతోంది. బయట రంగులేని ఎక్రిలిక్ వెయ్యమని ఒక మేస్త్రి, సిలేన్-సిలోక్సేన్ (ఇటుకలోకి ఇంకి నీటిని ఆపే ద్రవం) కొట్టమని ఇంకొకాయన. ఏది మంచిది? ఎన్ని లీటర్లు పడుతుంది?

సున్నంపాళ్లు
ఎక్రిలిక్ వద్దండీ. అది గోడ మీద పొరలా కూర్చుంటుంది. వాన నీళ్లు ఎక్కడో ఒక సందులోంచి ఎలాగూ లోపలికి వెళ్తాయి, ఆ పొర వల్ల ఆవిరై బయటికి పోలేవు. ఎండకు పొర బుడగలు కట్టి తెల్లగా లేస్తుంది, దాన్ని గీకడం మళ్లీ పెద్ద పని. సిలేన్, సిలోక్సేన్ అలా కాదు. ఇటుక రంధ్రాల లోపలి గోడలకు పట్టుకుని నీటిని అంటనివ్వవు గానీ రంధ్రాన్ని పూడ్చవు. అందుకే ఆవిరి బయటికి పోతుంది.

కడ్డీతుప్పు
కొనే ముందు గోడ ముందు కాసేపు నిలబడి చూడండి. సిలేన్ 0.3 మిల్లీమీటర్లకు మించిన బీటను ఆపలేదు. ఇటుకల మధ్య అతుకులు పిండిలా రాలుతుంటే నీళ్లు అక్కడే దిగుతున్నాయి. పారాపెట్ పైఅంచు, సజ్జ గోడలో కలిసే చోటు, కిటికీ ఫ్రేము చుట్టూ, గోడలోంచి వచ్చే పైపు చుట్టూ: తొంభై పాళ్లు దోషం ఇక్కడే దొరుకుతుంది. సజ్జ అడుగున నీటిబొట్టు గాడి లేకపోతే నీళ్లు వెనక్కి పాకి గోడ పట్టుకుంటాయి.

సున్నంపాళ్లు
నిజం. వరస ఇలా పెట్టుకోండి. రాలే అతుకులను అర అంగుళానికి పైగా తవ్వి, 1:3 సిమెంటు ఇసుకతో పూడ్చి, వారం పాటు తడిపి క్యూరింగ్ చెయ్యండి. సిలేన్ కొట్టే ముందు కొత్త సిమెంటు పనికి 28 రోజులు గడవాలి. తెల్ల ఉప్పు ఉంటే పొడి బ్రష్‌తో దులిపి, కిందపడ్డ పొడిని ఎత్తిపారెయ్యండి. నీళ్లతో కడిగితే ఆ ఉప్పే కరిగి మళ్లీ లోపలికి పోతుంది. మీ ఏరియాలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో ప్రెషర్ వాష్ అసలే వద్దు, గోడకు మనమే ఉప్పు పట్టించినట్టు.

ఇక కాలం. ఈశాన్య రుతుపవనం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, గాలి సముద్రం వైపు నుంచి వానను మీ గోడకే కొడుతుంది. కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో పని పెట్టుకోండి, గోడ లోపలి దాకా ఆరి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం కాలే ఇటుక మీద కొడితే లోపలికి ఇంకకముందే ఎగిరిపోతుంది.

లీటర్లకు: మొదటి కోటు లీటరుకు 40 చదరపు అడుగులు, రెండోది 65. అంటే 16, 10, వృథాతో కలిపి 28 లీటర్లు పెట్టుకోండి. ఇటుక ఎక్కువ తాగే రకమైతే ఇంకా పట్టొచ్చు. ముందు ఒక చదరపు మీటరు మీద ప్రయత్నించండి, రంగు ముదిరిందో లేదో కూడా తెలుస్తుంది.

తూర్పుగోడ
బ్రష్‌తోనా, స్ప్రేతోనా?

కడ్డీతుప్పు
మందులు కొట్టే చేతి స్ప్రేయర్ చాలు, తక్కువ ఒత్తిడి, పొగమంచులా కాకుండా ధారగా. కింద నుంచి పైకి కొట్టండి, ధార గోడ మీద అరడుగు దాకా జారాలి. మొదటి కోటు తడి ఆరకముందే రెండోది. ఆరనిస్తే మొదటిదే రెండోదాన్ని తోసేస్తుంది. అడుగున మడుగు కట్టిన చోట్ల గుడ్డతో తుడవండి. గాజు, అల్యూమినియం, మొక్కలు కప్పండి. గాజు మీద ఆరిందంటే మరక వదలదు. నీళ్లలో కలిపే కాన్సంట్రేట్ అయితే డబ్బా మీది పాళ్లలోనే, ఆ రోజుకు కావలసినంతే కలపండి. తర్వాత ఆ రోజంతా వాన తగలకూడదు.

పాతమైలాపూర్
ఇదంతా సిమెంటు ఇళ్లకు సరే. మైలాపూర్, జార్జ్ టౌన్ పాత ఇళ్ల సున్నం గోడలకు దీన్ని గుడ్డిగా కొట్టకండి. గట్టిపడ్డ సున్నం అంటే కాల్షియం కార్బొనేట్, సిలేన్ దానికి సరిగ్గా పట్టదు. పైగా ఉప్పు చేరిన గోడకు పైపైన నీటినిరోధం వేస్తే, ఉప్పు ఆ పట్టిన పొర వెనక గడ్డకట్టి ఇటుక ముఖాన్నే చెక్కలుగా నెట్టేస్తుంది. అక్కడ అతుకులకూ సిమెంటు వద్దు, సున్నం ఇసుకే. సిమెంటు అతుకు ఇటుక కన్నా గట్టి, చెమ్మ ఇటుకలోంచే బయటపడాల్సి వస్తుంది, ముందు ఇటుకే రాలుతుంది. పైన సున్నం పూత చాలు, ఏటా వెయ్యాలి, అంతే.

సున్నంపాళ్లు
ఒప్పుకుంటాను.

తూర్పుగోడ
కింద నేల నుంచి మూడడుగుల దాకా ఎండాకాలం కూడా తడిగానే ఉంటోంది. అక్కడా కొడదామా?

కడ్డీతుప్పు
వద్దు. అది నేలలోంచి పైకి ఎక్కే చెమ్మ. బయట మూసేస్తే ఇంకా పైకి ఎక్కుతుంది. ప్లాస్టిక్ షీటు 45 సెంటీమీటర్లు చదరంగా కోసి, నాలుగు వైపులా టేపుతో గోడకు బిగించి, మర్నాడు తీయండి. షీటు లోపల బొట్లుంటే గోడలోంచే వస్తోంది. అడ్డుకోవాలంటే నేలకు అరడుగు ఎత్తులో ఒకే వరస అతుకులో 12 మిల్లీమీటర్ల రంధ్రాలు, 12 సెంటీమీటర్లకొకటి, గోడ అవతలి వైపు నాలుగు సెంటీమీటర్లు మిగిలేదాకా తొలిచి సిలేన్ క్రీమ్ నింపాలి. ఆరడానికి నెలలు పడుతుంది, లోపలి ప్లాస్టరింగ్ ఆరాకే మార్చండి.

పాతమైలాపూర్
ముందు బయట మట్టి ఎంత ఎత్తున పోసి ఉందో చూడండి. పక్కింటి తోట మట్టి గోడకు ఆనుకుని ఉంటే రంధ్రాలు తొలవడం దండగ, పార తీసుకోండి.