లైన్ ముందు దాటింది పోర్షె, గెలిచింది బీఎండబ్ల్యూ: బిర్యానీ ఎవరు పెట్టాలి?

ఆఖెన్_కుర్రాడు:
అందరికీ నమస్తే. మాది ఖమ్మం దగ్గర, ఇప్పుడు జర్మనీలోని ఆఖెన్‌లో మాస్టర్స్ చేస్తున్నా. 2025 జూన్ 21, 22 తేదీల్లో జరిగిన న్యూర్‌బుర్గ్‌రింగ్ ట్రాక్ 24 గంటల కార్ల రేస్‌కి నేనూ రూమ్మేటూ వెళ్లాం. అంతకుముందు రేస్ అంటే ఫోన్‌లో ఫార్ములా వన్ హైలైట్స్ చూడటమే. బ్రున్‌షెన్ మలుపు దగ్గర గట్టు మీద టెంట్ వేసుకున్నాం. మా పక్కనున్న జర్మన్లు సోఫా, ఫ్రిజ్, రెండంతస్తుల మంచె, అన్నీ తెచ్చుకుని మూడు రోజుల ముందే దిగారట. మేం తెచ్చుకున్నది పులిహోర, ఒక చాప.

శనివారం సాయంత్రం ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. పిట్స్‌లో, అంటే బండ్లకు పెట్రోలు పోసి టైర్లు మార్చే చోట, కరెంటు పోయిందన్నారు! కరెంటు కోతలు మనకేం కొత్త కాదు కానీ జర్మనీలో, అదీ రేస్ మధ్యలో పోతుందనుకోలేదు. రెండు గంటలకు పైగా ఖాళీగా కూర్చున్నాం. ఆ టైంపాస్‌లోనే పందెం వేసుకున్నాం. నేను ఆకుపచ్చా పసుపూ కలిసిన 911 నంబరు పోర్షె అన్నాను, వాడు బీఎండబ్ల్యూ అన్నాడు. ఓడినవాడు చికెన్ బిర్యానీ వండాలి, అదీ దమ్ బిర్యానీ.

ఆదివారం ఆఖరి ల్యాప్‌లో మా ముందు నుంచి మొదట వెళ్లింది నా పోర్షెనే. నేను గంతులేశాను. మైకులో జర్మన్‌లో ఏదో చెబుతున్నారు, ఒక్క ముక్క అర్థం కాలేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. బస్సు ఎక్కాక వాడు ఫోన్ చూపించాడు: విజేత 98 నంబరు బీఎండబ్ల్యూ అట, నాది రెండోదట! ముందు వచ్చిన బండి రెండోది ఎలా అవుతుంది? ఎవరైనా వివరంగా చెప్పండి. బాస్మతి బియ్యం నానబెట్టాలా వద్దా అన్నది దీని మీదే ఆధారపడి ఉంది.

జెండా_మామ:
తమ్ముడూ, బియ్యం నానబెట్టేయ్.

మాది విజయవాడ. కోబ్లెంజ్‌లో పన్నెండేళ్లుగా ఉద్యోగం. వీలున్న శనాదివారాల్లో ఆ ట్రాక్ మీదే మార్షల్‌గా నిలబడతాను, అంటే జెండాలు ఊపే పని. డబ్బు కోసం చేసేది కాదు, పిచ్చి అంతే. ఈ రేస్‌లో నా పోస్టు గొడవ జరిగిన చోటికి చాలా దూరం, కాబట్టి కళ్లారా చూశానని చెప్పను.

నువ్వు చూసిన బండిని ఇక్కడ అందరూ 'గ్రెల్లో' అంటారు. ఆకుపచ్చ, పసుపు రంగుల పేర్లు కలిపి పెట్టిన ముద్దుపేరు. మాంటై జట్టుది, వాళ్ల వర్క్‌షాప్ ట్రాక్ పక్కనే మ్యూస్‌పాత్‌లో ఉంది. కెవిన్ ఎస్ట్రె, ఆయ్‌హాన్‌జాన్ గూవెన్, తోమస్ ప్రైనింగ్ నడిపారు. ఆదివారం ఎస్ట్రె స్టీరింగ్ మీద ఉండగా తనకంటే నెమ్మది క్లాసైన జీటీ4లో నడుస్తున్న ఒక ఆస్టన్ మార్టిన్ బండిని దాటబోయి తగిలించాడు. ఆ బండి బోల్తా పడింది. విచారించి ఎస్ట్రెదే తప్పని 100 సెకన్లు శిక్ష వేశారు. ఆ 100 సెకన్లు రేస్ మొత్తం సమయానికి కలుస్తాయి. అంటే మిగిలిన ల్యాపుల్లో బీఎండబ్ల్యూ కంటే 100 సెకన్లకు మించి ముందుంటేనే గెలుపు. ఎస్ట్రె ప్రాణం పెట్టి తోలాడు, లైన్ కూడా ముందే దాటాడు, కానీ అంత తేడా రాలేదు. లెక్కలో 20 సెకన్ల పైచిలుకు వెనకబడ్డాడు. రోవె రేసింగ్ వాళ్ల బీఎండబ్ల్యూ ఎం4 జీటీ3 గెలిచింది (జీటీ3 అంటే ఇక్కడ గెలుపు కోసం పోటీపడే వేగమైన క్లాసు, నీ పోర్షెదీ అదే). నడిపింది: మార్చెల్లో, ఫార్ఫుస్, కెల్విన్ వాన్ డెర్ లిండె, యెస్సె క్రోన్.

100 సెకన్లు ఎంత పెద్ద శిక్షో చెబుతా. అక్కడ ఒక చుట్టు 25 కిలోమీటర్ల పైన. జీటీ3 బండికి సుమారు ఎనిమిదింపావు నిమిషాలు పడుతుంది. అందులో ఐదో వంతు ఊరికే ఇచ్చేసినట్టు.

ఇంకో సంగతి. ఫార్ములా వన్‌లో ఇరవై, ఇరవైరెండు బండ్లు, అన్నీ ఇంచుమించు ఒకే వేగం. ఇక్కడ వందకు పైగా బండ్లు. 500 గుర్రాల పైన బలమున్న జీటీ3లతో పాటు, మామూలు షోరూమ్ కారుకి రోల్‌కేజ్ (బోల్తా పడినా డ్రైవరును కాపాడే ఇనుప చట్రం) బిగించి తెచ్చినవీ ఉంటాయి. వాటికి చుట్టు పూర్తయ్యేసరికి పది నిమిషాలవుతుంది. వాటిని నడిపేవాళ్లలో సోమవారం పొద్దున్నే ఆఫీసుకు వెళ్లాల్సిన వాళ్లు చాలామంది. ముందు వరసలో ఉన్న డ్రైవరు ప్రతి చుట్టులో అలాంటి బండ్లను పదుల లెక్కన దాటుకుంటూ పోవాలి, అదీ చీకట్లో, ఇరుకు రోడ్డు మీద. నిజమైన పోటీ అక్కడే. ఎదుటి జీటీ3తో కొట్లాడేది తక్కువ. వెనక నుంచి వేగంగా బండి వస్తోందని మేం నీలం జెండా చూపిస్తాం, నిజమే. కానీ దాటే బాధ్యత వెనక నుంచి వచ్చేవాడిదే. అందుకే నాకు ఈ శిక్ష సబబుగానే అనిపించింది. ఆ చిన్న జట్టు కూడా ఏడాదంతా డబ్బు పోగేసుకుని వచ్చిందే కదా.

నీ కరెంటు సంగతి: పిట్స్‌లో పెట్రోలు పంపులు పనిచేయలేదు, అందుకే రేస్ ఆపారు. ఆగిన గంటలు ఆఖర్లో కలపరు. గడియారం మాత్రం నడుస్తూనే ఉంటుంది.

పిస్టన్_పంతులు:
మామా, నేను ఒప్పుకోను. తగిలిస్తే శిక్ష వేయాలి, సరే. 24 గంటలు తోలి, చివరికి గెలుపు కాగితం మీద తేలితే చూసేవాడికి ఏం మజా? 30 సెకన్లు వేస్తే సరిపోయేది.

జెండా_మామ:
పంతులుగారూ, 30 వేస్తే ఏమవుతుందో తెలుసా? ప్రతి జట్టూ లెక్కేసుకుంటుంది: "అడ్డొచ్చినవాణ్ణి నెట్టేసినా 30 సెకన్లేగా, కానిద్దాం" అని. జెండా పట్టుకుని రెయిలింగ్ వెనక నిలబడేది నేను, మీరు కాదు. 🙂

లెమాన్_రంగడు:
కాగితం మీద తేలడం కొత్తేం కాదు. ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల రేస్, 2016 లె మాన్ గుర్తుందా? జీటీఈ ప్రో క్లాసులో 68 నంబరు ఫోర్డ్ జీటీ (జోయి హ్యాండ్, డిర్క్ ముల్లర్, బూర్డే) సరిగ్గా నిమిషం తేడాతో గెలిచింది. రెండోది రీజీ వాళ్ల 82 నంబరు ఫెరారీ, ఫిసికెల్లా, విలాండర్, మాలూచెల్లి. జెండా పడ్డాక మొదలైంది అసలు రేస్! ఫెరారీ పక్కన స్థానం చూపించే లైట్లు వెలగట్లేదు, పిలిచినా పిట్‌లోకి రాలేదని 20 సెకన్లు. ఫోర్డ్‌కి వేగం తగ్గించాల్సిన చోట తగ్గించనందుకు 50, చక్రాల సెన్సర్లు పనిచేయనందుకు ఇంకో 20. నిమిషం తేడా కాస్తా పది సెకన్లయింది. గెలుపు మాత్రం ఫోర్డ్‌దే. అప్పుడు నేను హైదరాబాద్‌లో, ఆఫీసులో ఎక్సెల్ షీట్ తెరిచి ఈ కూడికలు తీసివేతలు చేశాను. మా మేనేజరు వెనక నుంచి చూసి శభాష్ అన్నాడు పాపం.

తమ్ముడూ, అసలు మీరు పందెం వేసుకున్న మాటలేంటి? "లైన్ ముందు దాటేది" అని ఉంటే నువ్వే గెలిచినట్టు.

ఆఖెన్_కుర్రాడు:
రంగడన్నా, ఆ ఆశతోనే వాట్సాప్ వెతికాను. గట్టు మీద కూర్చుని నేనే స్వయంగా పెట్టిన మెసేజ్: "రాసిపెట్టుకో, గ్రెల్లో గెలుస్తుంది." వాడు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి వంటింటి తలుపుకి అంటించాడు.

మామా, చాలా థాంక్స్. బోల్తా పడ్డ బండి సంగతి నాకసలు తెలీదు. మా గట్టు దగ్గర పాత బండ్లు వెళ్తున్నప్పుడు జనం ఎందుకంత చప్పట్లు కొట్టారో ఇప్పుడు అర్థమైంది. వచ్చే ఏడాది మీ పోస్టు దగ్గరే టెంట్ వేస్తాం, ఎక్కడో చెప్పండి.

బియ్యం నానబెట్టాను. ఇక్కడ మా దగ్గర ఉన్నది ఎలక్ట్రిక్ పొయ్యి, సన్నటి గిన్నె. దమ్ అడుగంటకుండా ఎలా పెట్టాలో ఎవరికైనా తెలుసా? మా ఇంటి మార్షల్ ఆ రూమ్మేటే, ఏ తప్పు చేసినా 100 సెకన్లు వేసేలా ఉన్నాడు.

జెండా_మామ:
గిన్నె కింద దోసె పెనం పెట్టు. పోస్టు నంబరు విడిగా మెసేజ్ చేస్తా. వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి సీసా ఒకటి తీసుకురండి.