గీజరుకి కూడా ఈపీడీ కాగితం కావాలంటున్నారు. ఇది పనికొచ్చే పనేనా?

దర్గామిట్ట వైర్‌మ్యాన్:
అన్నలూ, ఒక చిక్కొచ్చి పడింది. నెల్లూరులో 40 గదుల లాడ్జి కరెంటు పని పట్టుకున్నా. ఓనరు గ్రీన్ బిల్డింగ్ రేటింగు కోసం ఒక కన్సల్టెంటుని పెట్టుకున్నాడు. ఆయనేమో గీజర్లకీ కేబుళ్లకీ డీబీలకీ (కరెంటు పంచే డిస్ట్రిబ్యూషన్ బాక్సులు) అన్నిటికీ ఈపీడీ తెమ్మంటా ఉండాడు. ఎన్విరాన్‌మెంటల్ ప్రోడక్ట్ డిక్లరేషన్ అంట. మా డీలరుని అడిగితే "ఈఎంఐ అయితే ఉంది గానీ ఈపీడీ యాడిది అబ్బయా" అని ఐఎస్‌ఐ కాగితం, స్టార్ లేబులు చేతిలో పెట్టి పంపించాడు. ఈపీడీ ఉన్న దిగుమతి గీజరు ఒకటి దొరికింది గానీ రేటు దాదాపు రెట్టింపు. ఓనరు "నువ్వెట్టా చెప్తే అట్టా" అంటాడు. ఆ కాగితం ఉంటే గీజరు మంచిదనేనా అర్థం?

మూలాపేట మాస్టారు:
కాదు నాయనా, అందరూ పొరబడేది అక్కడే. బిస్కెట్ ప్యాకెట్టు వెనక చక్కెర ఎంత, కొవ్వు ఎంత అని పట్టీ ఉంటుంది కదా, ఈపీడీ అలాంటిది. తినమనీ చెప్పదు, వద్దనీ చెప్పదు. గనిలో ఖనిజం తవ్వడం మొదలు పాతసామాన్ల కొట్టుకి చేరేదాకా ఆ వస్తువు వల్ల ఎంత కార్బన్ డయాక్సైడ్, ఎంత నీళ్లు, ఎంత చెత్త అని ఐఎస్‌వో 14025 పద్ధతిలో లెక్క కట్టిస్తారు. సంబంధం లేని మనిషి ఆ లెక్క సరిచూడాలి. మామూలుగా 5 ఏళ్లు చెల్లుతుంది. పాస్ మార్కులంటూ ఏమీ లేవు. దండిగా పొగబెట్టే వస్తువుకి కూడా నిక్షేపంగా ఈపీడీ తీసుకోవచ్చు.

కనిగిరి గీజర్ మెకానిక్:
మరి దేనికండీ అది? నిన్ననే ఒక ఎలిమెంటు ఊడదీశా. పెట్టి రెండేళ్లు కాలేదు. చిటికెన వేలంత ఉండాల్సింది సున్నం పట్టి మొక్కజొన్న కండె లావైంది. స్క్రూడ్రైవరుతో కొడితే పెంకులు పెంకులుగా రాలింది, లోపల రాడ్డు పగిలి ఉంది. మా బోరు నీళ్ల సంగతి ఆ కాగితం రాసినోడికి తెలుసా? పదిహేనేళ్లు పనిచేస్తుందని రాసుకుంటాడు, ఇక్కడ మూడో ఏట ట్యాంకే కారతది. రెండు గీజర్లు మారిస్తే లెక్క రెండింతలు కాదా?

ఒంగోలు ఆర్కిటెక్ట్:
అన్నా, ఆ మాట ఒప్పుకుంటా. కానీ ఎన్నేళ్లు పనిచేస్తుందని అనుకుని లెక్క వేశారో అందులోనే రాసుంటుంది. మీరు మూడేళ్లంటే మూడేళ్లకే లెక్క మళ్లీ వేసుకోవచ్చు. డీలరు ఇచ్చిన రంగుల బ్రోచర్లో ఆ వెసులుబాటు ఉందా? "పర్యావరణహితం" అని ఆకు బొమ్మ వేసి వదిలేస్తారు. అడిగేవాళ్లు లేకపోతే మన కంపెనీలు ఎప్పటికీ తియ్యవు. నేనైతే కన్సల్టెంటు వైపే.

చీమకుర్తి రాయి:
అక్కా, తియ్యడం అంటే మాటలనుకుంటున్నావా. మేం గ్రానైటు వాళ్లం. బయటి దేశం పార్టీ అడిగాడని మా ఫ్యాక్టరీలో ఒకసారి కూర్చున్నాం. ఏడాది కరెంటు బిల్లులు, డీజిలు, డైమండ్ వైరు, బ్లేడ్లు, పాలిష్ రాళ్లు, లారీ కిలోమీటర్లు అన్నీ తవ్వి తీయాల్సొచ్చింది. క్వారీలో కొండంత రాయి తీస్తే బ్లాకయ్యేది కొంచెమే. మిగతాది డంపుకే పోతుంది. ఆ డంపు తవ్విన డీజిలు కూడా స్లాబు నెత్తినే వేశాడు లెక్క కట్టినాయన. అప్పటిదాకా మాకే తెలీదు మా డీజిలు ఎక్కడ కాలుతుందో. అందుకే ఆ కాగితం ఉత్త బోగస్ అంటే నేనొప్పుకోను. కాకపోతే ఖర్చు చిన్న షెడ్డువాడి తరం కాదు. లాడ్జికి 40 గీజర్లు అమ్మడానికి ఎవడు పెడతాడు అంత?

మూలాపేట మాస్టారు:
అసలు గీజరు విషయంలో తూకం ఎటుందో చూడండి. 15 లీటర్ల నీళ్లని 30 డిగ్రీలు వేడి చెయ్యడానికి అర యూనిట్ పైచిలుకు. గదికి రోజుకి రెండు ట్యాంకులంటే యూనిట్ దాటుతుంది. మార్చి వస్తే మనకి మిద్దె మీద ట్యాంకు నీళ్లే కాలతాయి కాబట్టి 200 రోజులే వేసుకుందాం. మన దేశపు కరెంటు ఒక యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఏడాదికి 140 కిలోలు, పదేళ్లకి 1,400. ఇక గీజరు బరువు పది కిలోలు అనుకోండి. ఉక్కు కిలోకి 2 కిలోల చొప్పున ఇరవై. రాగి, ఫోము, ప్లాస్టిక్కు కలిపి దానికి మూడింతలు వేసినా 60. మెకానిక్ గారన్నట్టు పదేళ్లలో మూడు మార్చినా 180. తయారీ ఎక్కడ, వాడకం ఎక్కడ! కాబట్టి గీజరుకి నేను స్టార్ లేబులే చూస్తా. నీళ్లు వాడకుండా ఊరికే వేడిగా నిలబెట్టడానికి 24 గంటల్లో ఎంత కరెంటు తింటుందో చెప్పేది అదే.

ఒంగోలు ఆర్కిటెక్ట్:
మాస్టారూ, ఆ వాడకం లెక్క కూడా ఈపీడీలో ఉంటుందండీ. బీ6 అనే గడిలో.

మూలాపేట మాస్టారు:
ఉంటుందమ్మా, ఎవరి కరెంటుతో వేశారన్నదే ప్రశ్న. వైర్‌మ్యాన్, ఆ దిగుమతి గీజరు పీడీఎఫ్ ఉంటే ఆ పేజీ తియ్యి.

దర్గామిట్ట వైర్‌మ్యాన్:
తీశా సార్. ఫ్రాన్స్ కరెంటు అని రాసుంది.

మూలాపేట మాస్టారు:
అయిపోయింది. వాళ్లది ఎక్కువ భాగం అణు కరెంటు, యూనిట్‌కి 0.1 కిలో కూడా పడదు. మనకేమో నేలటూరులో 800 మెగావాట్ల బొగ్గు యూనిట్లు మూడు తిరుగుతుంటాయి. అదే గీజరు ఇక్కడ పెడితే బీ6 అంకె ఏడింతలకి తక్కువ కాదు. ఆ పేజీలో ఎన్ని యూనిట్లు తింటుందో విడిగా రాసుంటే దాన్ని 0.7తో గుణించుకో. కార్బన్ అంకె మాత్రం మనకి చెల్లదు.

చీమకుర్తి రాయి:
ఇదీ మాటంటే. రెట్టింపు డబ్బు పెట్టి ఫ్రాన్స్ కరెంటు లెక్క కొనుక్కోవడం.

ఒంగోలు ఆర్కిటెక్ట్:
గీజరు వరకు సరే, ఓడిపోయా. కేబుళ్ల సంగతి? అందులో ఎక్కువ భాగం రాగే. ఎంత రాగి, పైన తొడుగు పీవీసీనా కాదా అన్నది ఈపీడీ లేకపోతే ఎలా తెలుస్తుంది?

దర్గామిట్ట వైర్‌మ్యాన్:
కేబులుది ఒకటి చూశా మేడం. 1 ఆంపియరు, 1 కిలోమీటరు లెక్కన రాసుకున్నారు. మా మెయిను మీద 1 ఆంపియరు యాడుంటది?

మూలాపేట మాస్టారు:
కేబులులో వేడిగా పోయే కరెంటు నష్టం ఆంపియర్ల వర్గంతో పెరుగుతుంది నాయనా. 10 ఆంపియర్లు పోతే వాడకం అంకెని 100తో గుణించాలి. తయారీ అంకెని మాత్రం గుణించకూడదు. అప్పుడు ఒక సైజు పెద్ద కేబులు వేస్తే ఎక్కువ పట్టే రాగి గిట్టుబాటవుతుందో లేదో తేలుతుంది. గది గీజరు వైరుకి ఇంత అక్కర్లేదు, అది రోజుకి గంట కూడా ఆన్‌లో ఉండదు. ప్యానెల్ నుంచి అంతస్తులకి పోయే కేబుళ్లకి ఈ లెక్క వేసుకో.

కనిగిరి గీజర్ మెకానిక్:
మీరు వంద గుణించుకోండి గానీ, ఆ 40 గీజర్లకి ముందు నీళ్లలో సున్నం తీసే సాఫ్ట్‌నర్ పెట్టించు తమ్ముడూ. ఏడాదికోసారి ఎలిమెంటు విప్పి కడిగేటట్టు ఓనరుతో రాయించుకో.

దర్గామిట్ట వైర్‌మ్యాన్:
కన్సల్టెంటుకి ఫోన్ చేశా. గీజర్లకి 5 స్టార్ చాలన్నాడు, ఈపీడీ కేబుళ్లకి మాత్రం కావాలంట. మరి పొద్దున అన్నిటికీ అన్నావే అంటే మాట్లాడలా. సాఫ్ట్‌నర్ మాట చెప్తే ఓనరు మొహం ముడుచుకున్నాడు. మాస్టారూ, అంతస్తులకి పోయే రైజర్ కేబులు మీద 60 ఆంపియర్లు వస్తా ఉంది, సాయంత్రం లెక్కేసి ఇక్కడే పెడతా, తప్పులుంటే చెప్పండి.