సమస్య: కూరుచుండరాని కుర్చి మేలు

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది, పైది నాలుగో పాదం. చిత్రకారుడు వాన్ గో 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో ఉండగా మొదలుపెట్టిన తన కుర్చీ బొమ్మ (ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది) చూసి పూరించాలి. పదవుల కుర్చీ మీద రాస్తే చదవను, ముందే చెప్తున్నా.

గడ్డిపరక:
పొగల గొట్టమొండు, పొడిసంచి పైనుండ
గడ్డి యల్లినట్టి కర్రకుర్చి;
లేచి వెళ్ళె, వాని లేమి నిండినచోట
కూరుచుండరాని కుర్చి మేలు.

పాదచారి:
ఉల్లిపెట్టె మీద ఊరకే తనపేరు
రాసి లేచె నతడు రంగుతోడ
విరిగి కుర్చిలెన్నొ వీధిపాలాయెరా
కూరుచుండరాని కుర్చి మేలు.

నిర్వాహకుడు: పాదచారి గారూ, వెనకాల మొలకెత్తిన ఉల్లిపాయల పెట్టె మీద ఇంటిపేరు లేకుండా ఉత్త ‘విన్సెంట్’ అన్న సంతకాన్ని పట్టుకున్నారు చూడండి, అది నచ్చింది, చాలామంది అక్కడిదాకా చూడరు. ‘మీద ఊరకే’ అని మధ్యలో అచ్చు వదిలేశారు, ‘మీద నూరకే’ అనండి, యతికి ఢోకా లేదు. ఆ ‘ఆయెరా’లో ‘రా’ ఎవర్ని పిలుస్తోందండీ? ‘వీధిపాలైపోయె’ అంటే సరిపోతుంది.

గడ్డిపరక గారూ, ‘లేమి’ అన్న మాటకి దండం. మనిషి లేకపోవడమూ పేదరికమూ రెండూ వచ్చాయి. కానీ ‘కుర్చి’ రెండుసార్లు పడి సమస్య పదును పోయింది. ఇలా మారిస్తే?

పొగల గొట్టమొండు పొడిసంచితో గూడి
గడ్డి యల్లికందుఁ గానవచ్చు

ఇంకో పేచీ. లేచి వెళ్ళినవాడు వాన్ గోతో ఒకే ఇంట్లో ఉన్న చిత్రకారుడు గోగాన్ కదా, డిసెంబర్‌లో. ఆయన కుర్చీ వేరే బొమ్మ, కొవ్వొత్తీ రెండు పుస్తకాలూ ఉన్నది. ఎర్ర పలకల నేల మీద పసుపుపచ్చగా ఉన్న ఈ కుర్చీ వాన్ గో సొంతం, మొదలుపెట్టేనాటికి గోగాన్ ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడు. మరి వెళ్ళిందెవరు?

గడ్డిపరక: రెండో పాదం సవరణ తీసుకుంటున్నా. మూడోది మాత్రం మార్చనండీ. తన కుర్చీని తనే బొమ్మ వేసుకోవాలంటే ముందు అందులోంచి లేవాలి కదా, పైపు అక్కడే వదిలేసి.

నిర్వాహకుడు: అబ్బ, ఇది నాకు తట్టలేదు. ఉంచండి.