దుకాణంలో ఇరుక్కున్న చేపను డబ్బిచ్చి తెచ్చుకుంటే కాపాడినట్టా?

బందరు కాలువ:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మా ఇంటికి దగ్గర్లో ఒక అక్వేరియం షాపు ఉంది, పేరు చెప్పను. నెల రోజులుగా అక్కడ కింది అరలో ఒక రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్ ఉంది. చేప అడుగున్నర పొడవు, ట్యాంకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు. అటు నుంచి ఇటు తిరగాలంటే ఒళ్లంతా విల్లులా వంచాలి. వంచిన ప్రతిసారీ మూతి గాజుకు రాసుకుంటుంది. పై పెదవి దగ్గర చర్మం లేచిపోయి దూది అంటించినట్టు తెల్లగా ఉంది. మీసాల్లో ఒకటి సగానికి తెగింది. తోక మాత్రం ఇంకా ఎర్రగా మెరుస్తోంది. షాపాయన దాన్నే చూపించి "పీస్ చూడండి సార్, 1,500" అంటున్నాడు.

నా దగ్గర 200 లీటర్ల ట్యాంకు ఉంది. ఇది అమెజాన్ నదుల చేప అనీ, మీటరు దాటి పెరుగుతుందనీ తెలుసు. నా ట్యాంకు దానికి చాలదు. కానీ ఇప్పుడున్న దానికంటే నాలుగు రెట్లు పెద్దది కదా. రాత్రి పడుకుంటే ఆ మూతే కళ్ల ముందుకొస్తోంది. కొని తెచ్చుకోవడం తప్పా? తప్పయితే, రోజూ చూసి ఇంటికొచ్చేయడం ఒప్పా?

మూడు గ్లాసులు:
అన్నా, కొనకండి. మీకు జాలి లేదని కాదు, నేను అదే పని చేసి దెబ్బతిన్నాను కాబట్టి చెబుతున్నాను.

మా ఊళ్లో ఒక షాపు కౌంటర్ మీద ప్లాస్టిక్ గ్లాసుల్లో ఫైటర్ చేపలు పెడతారు. ఒకదానికి రెక్కలు కుళ్లిపోయి, అడుగున పక్కకి ఒరిగి ఉంది. 120 రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. రోజూ కొంచెం కొంచెం నీళ్లు మార్చాను, ఎండిన బాదం ఆకు వేశాను, వేడి తగ్గకుండా చూశాను. నెల తిరిగేసరికి రెక్క అంచున కొత్త పొర వచ్చింది, పల్చగా, ఉల్లిపొరలాగా. ఆ రోజు ఏడ్చేశాను. వారం తర్వాత మేత కోసం షాపుకి వెళితే అదే చోట, అదే గ్లాసులో, అలాంటిదే ఇంకొకటి. దాన్నీ తెచ్చాను. మూడోసారి వెళ్లగానే షాపాయన నవ్వుతూ, "మేడమ్, మీ కోసం ఒకటి పక్కన పెట్టాను" అన్నాడు. ఆయన పక్కన పెట్టింది జబ్బు చేపని. బాగున్నవి పై వరసలో ఉన్నాయి.

ఆ మాట నాకు తగలాల్సిన చోట తగిలింది. ఆయన దృష్టిలో నేను చేపల్ని కాపాడటం లేదు, చావబోయే సరుకుకి గిరాకీ అయ్యాను.

కౌంటర్ వెనక:
నేను 18 ఏళ్లుగా అక్వేరియం షాపు నడుపుతున్నాను. నన్నూ నాలుగు మాటలు చెప్పనివ్వండి.

మా సరుకు ఎక్కువగా చెన్నై కొళత్తూరు నుంచి, కొంత కోల్‌కతా నుంచి వస్తుంది. ఆక్సిజన్ పట్టిన పాలిథిన్ కవర్లు, థర్మోకోల్ పెట్టెలు, రాత్రి బస్సు లేదా రైలు పార్శిల్. లాట్‌లో కొన్ని పోతాయి. పోయే వాటి ఖర్చు ముందే రేటులో వేసుకుంటాం. కాబట్టి "కొనకపోతే చస్తుంది, చస్తే వాడికి బుద్ధొస్తుంది" అనుకోకండి. ఒక్క చేప చచ్చినందుకు ఏ షాపూ మారదు. కానీ అమ్ముడుపోయిన ప్రతి చేపా మళ్లీ ఆర్డర్ అవుతుంది, ఆ అమ్మాయి చెప్పింది నిజమే.

ఇక ఈ రెడ్ టెయిల్ సంగతి వేరు. అంత పెద్దదాన్ని ఎవరూ ఆర్డర్ పెట్టి తెప్పించరు. ఎవరో మూడంగుళాల పిల్లప్పుడు ముచ్చటపడి కొనుంటారు. ఏడాదిలో అది అడుగు దాటుతుంది, తోటి చేపలన్నిటినీ మింగేస్తుంది. అప్పుడు మాకు ఫోనొస్తుంది: "అన్నా, తీసేసుకో, ఫ్రీగా ఇస్తా". మేం కాదంటే ఎక్కడ పారేస్తారో అని తీసుకుంటాం. మూడేళ్లుగా నేను ఆ పిల్లల్ని తేవడం మానేశాను, దీనివల్లే. వినాయక చవితికి తెచ్చిన గోల్డ్ ఫిష్ దీపావళికి తిరిగొచ్చే ఇళ్లు కూడా నాకు తెలుసు.

మూడు గ్లాసులు:
అంకుల్, మీరు మానేసినందుకు దండం. కానీ ఫ్రీగా వచ్చిన చేపకి 1,500 ఎందుకండీ? ఆ రేటు పెట్టాకే కదా అది నెల రోజులుగా అక్కడ పడి ఉంది.

కౌంటర్ వెనక:
దానికి నా దగ్గర జవాబు లేదమ్మా. నేనైతే అడగను.

గోదారి గాలి:
ఇంత టెన్షన్ ఎందుకండీ? మీ పేరులోనే కాలువ ఉంది. కొనండి, తీసుకెళ్లి కాలువలో వదిలేయండి. స్వేచ్ఛగా బతుకుతుంది, పుణ్యం మీది. ఇంకో మాట. చేపల మార్కెట్‌కి వెళితే టబ్బులో కొర్రమీనులు ఒకదాని మీద ఒకటి పడి నోళ్లు తెరుస్తుంటాయి. వాటినెవరు కాపాడుతున్నారు? రంగు తోక ఉన్నదాని మీదే జాలా?

కైకలూరు చెరువు:
గోదారి గాలి గారూ, మీరు మంచి మనసుతోనే అన్నారు. కానీ దయచేసి ఆ సలహా ఇంకెవరికీ ఇవ్వకండి.

మాది చెరువుల మీద బతికే కుటుంబం. శీలావతి, బొచ్చె వేస్తాం. పట్టుబడికి వల లాగితే ఈ మధ్య వలలో నల్లగా, ఒంటి నిండా పెంకులతో, కడుపు కింద నోరున్న చేప వస్తోంది. మా వాళ్లు దాన్ని దెయ్యం చేప అంటారు. అక్వేరియం షాపుల్లో సక్కర్ అనీ ట్యాంకు క్లీనర్ అనీ అమ్మేది ఇదే. దక్షిణ అమెరికా చేప. దాని రెక్క ముళ్లు వలలో చిక్కుకుంటే విడదీయలేం, కోసి తీయాలి. అంటే ప్రతిసారీ వల చిరిగినట్టే. గుడ్లు పెట్టడానికి గట్టులో బొరియలు తవ్వుతుంది. గట్టు మెత్తబడితే మాకెంత నష్టమో మీకు తెలియదు. తినడానికి మా వైపు ఎవరూ కొనరు. గాలి పీల్చగలదు కాబట్టి ఒడ్డున పడేసినా గంటల తరబడి కదులుతూనే ఉంటుంది. అది చూడటం కూడా నరకమే. ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి? మీలాంటి దయగల చేతులు వదిలిన వాటి నుంచే ఎన్నో వచ్చుంటాయి.

2023 మే నెలలో శ్రీనగర్ దాల్ సరస్సులో ఎలిగేటర్ గార్ దొరికింది. ఉత్తర అమెరికాలో ఉండాల్సిన చేప, మొసలి మూతి. అది కాశ్మీరుకి ఈదుకుంటూ రాలేదు కదండీ. రెడ్ టెయిల్‌ది నోట్లో పట్టిందల్లా మింగే రకం. దానికి స్వేచ్ఛ ఇచ్చామనుకుంటాం, కాలువలో ఉన్న మన చేపల ప్రాణం ఎవరి లెక్కలో వేస్తారు?

కొర్రమీను సంగతి మీరు సరిగ్గానే అడిగారు. నేను చేపలు అమ్మి బతికేవాణ్ణి, నాకు దాటేసే హక్కు లేదు. టబ్బులో కొర్రమీను కూడా బాధపడుతుంది. త్వరగా చంపడం మేలని నేను మా కుర్రాళ్లతో కొట్లాడతాను. అక్కడ బాధ ఉంది కాబట్టి ఇక్కడి బాధని వదిలేయాలని మాత్రం ఒప్పుకోను.

మత్స్య విద్యార్థిని:
ఫిషరీస్ చదువుతున్నాను. "నాలుగు రెట్లు పెద్ద ట్యాంకు" అన్న మాట దగ్గర ఆగాను. రెండడుగుల ట్యాంకు అంటే 50 లీటర్ల పైచిలుకు. 200కి మారిస్తే చేపకి కొన్ని నెలలు ఊరట, అంతే. ఈ చేప మాంసం తింటుంది, వ్యర్థం ఎక్కువ. దాన్నుంచి వచ్చే అమోనియా మొప్పల్ని కాలుస్తుంది. ఫిల్టర్‌లో ఆ అమోనియాని మార్చే బ్యాక్టీరియా ఉంటుంది కానీ, మీ ట్యాంకులో ఉన్నది ఇప్పుడున్న చిన్న చేపలకు సరిపడా పెరిగిన బ్యాక్టీరియా. ఒక్కసారిగా ఇంత పెద్ద చేపను దించితే అది చాలదు. కొత్తగా పెరగడానికి వారాలు పడుతుంది. అంటే మీరు ప్రేమగా తెచ్చిన మొదటి వారమే దానికి గడ్డుకాలం కావచ్చు. పైగా ఆ మూతి మీది తెల్లటిది ఫంగసో బ్యాక్టీరియావో తెలియకుండా మీ చేపలతో కలపకూడదు. చిన్న చేపల్ని మింగేస్తుందన్నది వేరే సంగతి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో జంతువు అంటే మనిషి కాని ఏ ప్రాణైనా. చేప కూడా. కదలడానికి తగినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని పాత్రలో ప్రాణిని బంధించడం 11వ సెక్షన్ కింద నేరం. ఆ షాపాయనతో గొడవ పడమనడం లేదు. ఆ మాట ఒకసారి నెమ్మదిగా చెప్పి చూడండి.

ఇంకొకటి చెబితే కోప్పడతారేమో. చేప కోలుకోలేని స్థితిలో ఉంటే, పెట్టే చోటు ఎక్కడా లేకపోతే, పశువైద్యుల సలహాతో మత్తు ఇచ్చి నొప్పి లేకుండా ముగించడం కూడా దయే. మేం లవంగ నూనెలోని యూజెనాల్‌ని చేపలకు మత్తుగా వాడతాం. బతికించడం ఒక్కటే కాపాడటం అని నేను అనుకోను.

డల్లాస్ తొట్టి:
ఇక్కడా ఇదే కథ. పెద్ద పెద్ద షాపుల్లో ఫైటర్లు గ్లాసుల్లోనే, రెడ్ టెయిల్ పిల్లలు ముచ్చటగా మూడంగుళాలు. పెరిగాక పెద్ద అక్వేరియంల వాళ్లకి ఫోన్ చేస్తే "మా దగ్గర ఇప్పటికే ఉన్నాయి, ఇక తీసుకోలేం" అంటారు. చంపడం గురించి విద్యార్థిని గారు అన్నదానితో నేను ఏకీభవించలేను. తిరిగి ఈదగల చేప అది. ముందు చోటు వెతకాలి.

సిమెంటు తొట్టి:
మాది ఏలూరు దగ్గర. ఇంటి వెనక షెడ్డు కింద సిమెంటు తొట్టి ఉంది. 12 అడుగుల పొడవు, 6 వెడల్పు, 3 లోతు, సుమారు 6,000 లీటర్లు. ఇలా వదిలించుకున్న పెద్ద చేపలు నాలుగున్నాయి. పైన వల, బయటికి పోయే గొట్టానికి జాలీ ఉన్నాయి, వానాకాలంలో కూడా కాలువలోకి పోయే దారి లేదు. దీనికీ జీవితాంతం సరిపోతుందని చెప్పను. నాలుగైదేళ్లు నిశ్చింతగా తిరుగుతుంది. ఆలోపు ఇంకో తొట్టి కట్టే ఆలోచన ఉంది. ఒక్క షరతు తమ్ముడూ: డబ్బిచ్చి తెచ్చిన చేపను నేను తీసుకోను. ఒక్కసారి ఆ అలవాటు పడితే నా తొట్టి పేరు చెప్పి అమ్ముకుంటారు.

బందరు కాలువ:
అందరికీ జవాబు ఆలస్యమైంది, క్షమించండి.

షాపాయనతో మాట్లాడాను. మొదటి రోజు నవ్వేశాడు. "ఫ్రీగా ఇవ్వడానికి ఇదేమైనా అన్నదానమా?" అన్నాడు. 1,000కి దిగాడు, తర్వాత 600. జేబులో డబ్బుంది. చేప అక్కడే, నా మోకాలి దగ్గర, మూతి గాజుకి ఆనించి ఉంది. అయినా డబ్బు ఇవ్వలేదు. చట్టం మాట ఎత్తితే మొహం మాడ్చాడు. అది తప్పనిపించి ఇంకోలా చెప్పాను: "అన్నా, దీని మేతకీ కరెంటుకీ నెలకి ఎంతవుతుంది? ఆ చోట నాలుగు జతల గప్పీలు పెడితే ఎంతొస్తుంది?" ఆ మాట మాత్రం విన్నాడు. పదకొండో రోజున ఫోన్ చేసి, వచ్చి పట్టుకుపొమ్మన్నాడు.

మూతలున్న పెద్ద టబ్బు, బ్యాటరీ ఎయిర్ పంపు, ముగ్గురం. షాపు నీళ్లే నింపుకుని బయల్దేరాం. సిమెంటు తొట్టి గారు విడి తొట్టిలో మూడు వారాలకు పైగా ఉంచి, మూతి మానాకే పెద్ద దాంట్లోకి మార్చారు. మొదటి ఎనిమిది రోజులు ఏమీ తినలేదు. తొమ్మిదో రోజు రాత్రి లైటు తీసేశాక రొయ్య మాయమైందట. మొన్న నేను వెళ్లి చూశాను. ఆ మూల నుంచి ఈ మూలకి వంగకుండా తిన్నగా వచ్చింది. అంత పొడవున్న చేప తిన్నగా ఈదడం నేను అప్పుడే చూశాను. అలవాటేమో, గోడ ఇంకా దూరంగా ఉండగానే తిరిగిపోతోంది.

ఇక నా ప్రశ్నకి నేనే చెప్పుకోవాల్సింది. మూడు గ్లాసులు గారి మాట విన్నాను, డబ్బివ్వలేదు. ఇవ్వకూడదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఆ పదకొండు రోజులూ నేను 600 ఇవ్వనందుకే అది ఆ గాజు పెట్టెలో ఉంది. రెండో మీసం కూడా ఆ రోజుల్లోనే తెగింది. నేను తీసుకున్న నిర్ణయానికి మూల్యం నేను కట్టలేదు, అది కట్టింది. డల్లాస్ తొట్టి గారూ, విద్యార్థిని గారూ, మీరిద్దరూ దీని గురించి ఏమంటారో వినాలని ఉంది. మొదటి రోజే ఇచ్చేసి, రెండో చేపకి మాత్రం ఇవ్వకుండా ఉండగలిగేవాణ్ణా? నిజంగా తెలియడం లేదు.

షాపాయన ఇప్పుడు ఆ ట్యాంకులో గప్పీలే పెట్టాడు. పెద్దగా పెరిగే చేపల ట్యాంకుల మీద ఎన్ని అడుగులు పెరుగుతాయో కాగితం అంటించమని అడిగాను, ఆలోచిస్తానన్నాడు. కాగితాలు నేనే రాసి ఇస్తానన్నాను. కౌంటర్ వెనక అంకుల్, మీ షాపులో మూడేళ్ల క్రితం మానేసినప్పుడు కొనడానికి వచ్చినవాళ్లకి ఏం చెప్పి పంపేవారో కొంచెం రాయగలరా? ఆ మాటలే కాగితం మీద పెడదామని.